చూడ్డానికేమీ లేని ఆదివారం

ఆమెకు మెలకువ వచ్చేసరికి చుట్టూ జనం ఉన్నారు.

ముందు వరుసలో ఇద్దరు పిల్లలు మెడలు సాచి ఆమెనే చూస్తున్నారు. బొమ్మే కానీ లోపల మోటారుంది, అందుకే ఊపిరి పీలుస్తోంది అని ఒకరు వాదిస్తున్నారు. మోటారుంటే గురక ఎందుకొస్తుందని రెండో వాళ్ల అనుమానం. వాళ్ల వెనక నిలబడ్డ పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూస్తున్నాడు.

మ్యూజియంలో పాతకాలపు ఇంటి సామాన్ల ప్రదర్శన అది. గది మధ్యలో ఒక పడక కుర్చీ. కాళ్లు పీక్కుపోతుంటే ఒక్క నిమిషం నడుం వాలుద్దామని అందులో కూర్చుంది. అంతవరకే గుర్తుంది.

జనాన్ని పక్కకు తప్పించుకుంటూ ఒకతను వచ్చాడు. చొక్కా జేబు నిండా మేకులు, భుజం మీద చుట్టిన తీగ, కళ్ల కింద నల్లటి చారలు. కోప్పడే ఓపిక కూడా లేని మనిషిలా నెమ్మదిగా అన్నాడు.

"లేవండి. అది చూడ్డానికి పెట్టింది."

ఆమె గబగబా లేచి, చెదిరిన జుట్టు సర్దుకుని, తను పత్రిక నుంచి వచ్చానని, ఈ ప్రదర్శన గురించి రాయడానికే వచ్చానని వీలైనంత హుందాగా చెప్పింది. చెంప మీద కుర్చీ అల్లిక అచ్చు పడి ఉందని ఆమెకు తెలియదు.

"రాయండి. మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆ కుర్చీ దగ్గర ఎవరూ ఆగలేదు. ఇవాళే ఇంతమంది ఆగారు."

వెక్కిరిస్తున్నాడో, నిజంగానే చెబుతున్నాడో అర్థం కాలేదు. ముఖం చూస్తే రెండింటికీ ఓపిక లేనట్టే ఉంది.

పత్రికాఫీసులో అందరూ ఆమెను 'వారాంతం' అని పిలుస్తారు. శని, ఆదివారాల్లో జనం చూడదగ్గ ప్రదర్శనలూ తోటలూ ఏవో చూసొచ్చి రాయడం ఆమె పని. మిగతా రోజుల్లో పొద్దస్తమానం ఇతరుల వార్తల్లో తప్పులు దిద్దడం. ఊళ్లో అందరికీ వారాంతం పంచిపెట్టే పిల్లకి తనకంటూ ఒక్క వారాంతమూ లేదని మేనత్త నవ్వుతూనే బాధపడేది. తల్లిలేని పిల్లను పెంచింది ఆ మేనత్తే. ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్లు పెట్టుకుని దర్జీ దుకాణం నడుపుతుంది.

మ్యూజియం, దాని వెనకున్న తోట, అద్దాల మొక్కలిల్లు అన్నీ ఒకే సంస్థవి. ఎక్కడ ఏ ప్రదర్శన పెట్టినా బల్లలు వేసేదీ, పటాలు తగిలించేదీ, దీపాలు సర్దేదీ అతనే. కాపలావాళ్లు పెట్టిన పేరు మేకులబాబు. కాబట్టి ఆ వారం నుంచి ఆమె ఎక్కడికి వెళ్లినా అతను ఎదురవుతూనే ఉన్నాడు. నీటిరంగుల చిత్రాల గదిలో నిచ్చెన మీద ఉండేవాడు. డేలియాల ప్రదర్శనలో కుండీల మధ్య మోకాళ్ల మీద ఉండేవాడు. నిటారుగా నిలబడి ఉండగా చూసిన రోజు ఆమెకు గుర్తులేదు.

"ఇవాళ ఎక్కడ పడుకుంటారు?" అని మొదటిసారి అడిగినప్పుడు ఆమెకు ఒళ్లు మండింది. రెండోసారి అడిగినప్పుడు నవ్వొచ్చింది. మూడోసారి అడగకపోతే ఏదో వెలితిగా అనిపించి, ఎందుకు అడగలేదని తనే అడిగింది.

మొక్కలింటి వెనక చిన్న రేకుల షెడ్డు ఉంది. పని అయ్యాక ఇద్దరూ అక్కడ టీ తాగడం అలవాటైంది. వాన పడితే ఆ రేకుల మీద చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడదు. వినపడనప్పుడు ఇద్దరూ ఊరికే కూర్చునేవాళ్లు. ఎదుటి మనిషిని నవ్వించాల్సిన పని గానీ, ముఖం ప్రసన్నంగా పెట్టుకోవాల్సిన అవసరం గానీ లేకపోవడం ఆమెకు కొత్తగా ఉండేది. ఒకసారి వాన ఆగాక తలెత్తి చూస్తే అతను తననే చూస్తున్నాడు. పట్టుబడ్డవాడిలా టీ గ్లాసులోకి చూశాడు. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది.

ఆ రోజే అతను ఒక సలహా చెప్పాడు. అన్నీ చూడాలనుకుంటే ఏదీ కనపడదట. ఒక్కటి చూసి వెళ్లిపోతే చాలట. ఆమె అలాగే చేసి చూసింది. డేలియాలన్నింటినీ వదిలేసి, చివర్న వాడిపోవడం మొదలైన ఒక్క పువ్వు గురించి రాసింది. పేజీ ఇన్‌చార్జి తల గోక్కున్నాడు గానీ అచ్చు వేశాడు. మరుసటి వారం మేకులబాబు ఆ పేపరు ముక్కను షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించి ఉంచాడు.

తర్వాత బడి యూనిఫారాల రోజులొచ్చాయి. ఇంట్లో నడవడానికి చోటు లేకుండా గుడ్డలు. అత్తకి జ్వరం. ఆఫీసు నుంచి రాగానే ఆమె బొత్తాలు కుట్టడానికి కూర్చునేది. శనివారం వచ్చేసరికి ఒళ్లు హూనమై, తోటలో కలువ కొలను ప్రదర్శనకి వెళ్లడానికి కాలు కదల్లేదు. సంస్థవాళ్లు పంపిన ప్రకటన బల్ల మీద ఉంది. అందులోని మాటలే అటూ ఇటూ మార్చి, పొద్దుటి వెలుగులో గులాబీ రంగు కలువలు విప్పారడం చూడాల్సిందేనని రాసి పంపేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అతను ఎప్పుడూ ఫోన్ చేసిన మనిషి కాదు.

"మీరు ఏ కలువలు చూశారు?" అన్నాడు.

ఆమె చేతిలోని సూది గుడ్డకి గుచ్చి పెట్టింది.

కొలను అడుగు బీటలు వారి నీళ్లన్నీ ఇంకిపోయాయట. ప్రదర్శన ఆపేశారట. పత్రికకి కబురు చెప్పడం ఎవరికీ తోచలేదు. పొద్దున్నుంచీ జనం పేపరు చేతిలో పట్టుకుని గేటు దగ్గరికి వస్తున్నారట. ముసలివాళ్లు రెండు బస్సులు మారి వచ్చారట. వాళ్లందరికీ సమాధానం చెబుతూ అతను వానలో నిలబడ్డాడు.

"నేను రాలేదు. ఒంట్లో ఓపిక లేక..." అంది.

"ఓపిక నాకూ లేదు." అన్నాడతను. "నేను పెట్టేవన్నీ జనం నడిచిపోతూ చూస్తారు. మీరొక్కరే ఆగి చూస్తారనుకున్నాను. అంతే."

ఫోన్ పెట్టేశాడు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది. ఆమె మళ్లీ బొత్తాలు కుట్టడానికి కూర్చుంది. ఒక చొక్కాకి బొత్తాలన్నీ కాజాలున్న పట్టీకే కుట్టేసింది. జ్వరంలోనే అత్త ఆ చొక్కా తీసుకుని విప్పడం మొదలుపెట్టింది.

సోమవారం ఆమె ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి, చూడకుండానే రాశానని పేజీలో వేయమంది. ఆయన తలుపు దగ్గరికి వేసి మరీ నచ్చజెప్పాడు. అనివార్య కారణాల వల్ల ప్రదర్శన రద్దయిందని ఒక ముక్క వేస్తే చాలని, ఇలాంటివి ఎవరూ ఒప్పుకోరని అన్నాడు. ఆమె కదల్లేదు. ఉద్యోగం మీదకొస్తుందన్నాడు. వస్తే కాస్త నిద్రపోతానంది. ఆయనకు నవ్వొచ్చింది. చివరికి పేజీ అడుగున రెండు వాక్యాలు వేశాడు. చూడకుండా రాశాను, వచ్చి వెనుదిరిగిన వారందరూ క్షమించాలి అని.

ఆ రెండు వాక్యాలు అందరూ చదవరని ఆమెకు తెలుసు. ఆదివారం పొద్దున్నే గొడుగు వేసుకుని తోట గేటు దగ్గరికి వెళ్లింది. అనుకున్నట్టే పాత పేపరు పట్టుకుని జనం వస్తున్నారు. ప్రతి ఒక్కరికీ కలువలు లేవని, రాసింది తనేనని, చూడకుండా రాశానని చెప్పింది. కొందరు చిరాకుపడి వెళ్లిపోయారు. ఒకావిడ మాత్రం, ఇంత దూరం వచ్చాక ఉత్త చేతులతో పోవడం తన వల్ల కాదని, లోపల ఉన్నదేదో చూపించమని పట్టుబట్టింది.

లోపల ఉన్నది ఎండిపోయిన కొలను. ఆమె ఆవిడను అక్కడికే తీసుకెళ్లింది. వెనకే మరికొందరు వచ్చారు. కొలను అడుగున మోకాళ్ల దాకా బురదలో మేకులబాబు, ఇద్దరు తోటమాలులు బీటలు పూడుస్తున్నారు. గట్టు మీద తొట్లలో కలువ దుంపలు, వేళ్లు బయటికి వేలాడేసుకుని, అంత అందమైన పువ్వు పూస్తుందని చెబితే నమ్మబుద్ధి కాని ఆకారంలో ఉన్నాయి. బురదలో దొరికిన ఒంటి కాలి చెప్పు, చిలుము పట్టిన కత్తెర, ఎవరివో కళ్లద్దాలు గట్టున ఆరబెట్టి ఉన్నాయి. జనం గట్టు మీద చతికిలబడి చూడసాగారు. ఈ దుంప ఎలా పూస్తుందని ఒకరు, నీళ్లు ఎటు పోయాయని మరొకరు అడిగారు. ఆమెకు తెలిసినంత చెప్పింది. తెలియనిది తెలియదంది.

జనం పలచబడ్డాక అతను గట్టెక్కాడు. ముఖం నిండా బురద.

"పేపరు చదివాను," అన్నాడు.

ఆమె తలూపింది.

"ఆ రోజు ఫోన్లో నేను అలా అనకుండా ఉండాల్సింది."

"అనాల్సిందే అన్నారు."

గొడుగు అతని వైపు జరిపింది. తడవడానికి అతని ఒంటి మీద పొడి చోటు ఎక్కడా మిగల్లేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"ఇవాళ ఏం చూశారు మరి?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

"బురద. అందులో ఒక మనిషిని."

"ఒక్కటే చూడమన్నాను కదా."

"ఒక్కటే చూశాను," అంది ఆమె. అన్నాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొట్లలోని దుంపల వైపు తిరిగింది.

జ్వరం తగ్గిన మేనత్తకి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. అయినా ఆ రోజు ఫోన్ మాటలు చెవిన పడ్డ ఆవిడ, ఒక బుధవారం దుకాణం మూసి, టికెట్టు కొనుక్కుని తోటకి వెళ్లింది. మేకులబాబుని ఎగాదిగా చూసి, భుజం కుట్టు జారిన ఆ చొక్కా కుట్టిందెవరని అడిగిందట. ఎవరి తాలూకు మనిషో చెప్పకుండానే ఇంట్లో ఎవరెవరున్నారో ఆరా తీసిందట. అన్నా వదినల దగ్గర ఉంటున్నానని, వాళ్లు సంబంధాలు చూసి చూసి విసిగిపోయారని అతను చెప్పాడట. అప్పుడు ఆవిడ అసలు సంగతికి వచ్చింది.

"మా పిల్ల ఇంటికొచ్చేసరికి సగం ప్రాణంతో వస్తుంది. నువ్వు చూస్తే పావు ప్రాణంతో ఉన్నావు. మీ ఇద్దరూ ఒకింట్లో ఉంటే వంట ఎవరు చేస్తారు బాబూ?"

అతని చేతిలోని సుత్తి కింద పడింది. తీసుకోవడానికి వంగి, కాస్త ఎక్కువసేపే వంగి ఉండి, లేచి చెప్పాడు.

"ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్లం, అత్తయ్యగారూ. ఇద్దరం ఆలస్యమైతే మీ ఇంటికొచ్చేస్తాం."

మేనత్త ఇంటికొచ్చి ఇదంతా మిషను తొక్కుతూ చెప్పింది. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఇలా అడిగేస్తే ఎలా అత్తా అని నిలదీసింది.

"మీరిద్దరూ ఒకరినొకరు అడిగేసరికి నాకు మళ్లీ జ్వరం వస్తుంది," అంది అత్త, దారం కొరుకుతూ. "పిల్లాడు మంచివాడే. కొలతలు తీసుకొచ్చాను, చొక్కా కుడతా."

ఆ తర్వాతి ఆదివారం ఏ కొత్త ప్రదర్శనా లేదు. ఎన్నాళ్లకో ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. ఎక్కడికి వెళదామని అతను అడిగితే, టికెట్టు కౌంటరు, బాణం గుర్తులు, పూలకుండీలు లేని చోటుకైతే వస్తానంది. కనపడ్డ బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లారు. అక్కడ సగం కట్టిన ప్రహరీ, దాని పక్కన ఇసుక గుట్ట, ఆగిపోయిన రోడ్డు తప్ప ఏమీ లేవు. ప్రహరీ మీద కూర్చున్నారు. వాన వచ్చేలా ఉంది గానీ రాలేదు.

చాలాసేపు కాళ్లు వేలాడేసుకుని ఇసుక వైపు చూస్తూ కూర్చున్నారు.

"మీ అత్తయ్య అడిగినదానికి నేను జవాబు చెప్పేశాను. మీరింకా చెప్పలేదు," అన్నాడు చివరికి.

ఆమె తొందరపడలేదు.

"మిమ్మల్ని చూస్తే నా అలసట ఎగిరిపోతుందని చెప్పను. అబద్ధమవుతుంది. ఇంకోసారి చూడనిది చూశానని చెప్పదలచుకోలేదు. కానీ అందరి దగ్గరా నేను బాగానే ఉన్నానని అంటాను. మీ దగ్గర అనాలనిపించదు. మీరంటే ఇష్టం. ఎంత అంటే, రేపు సోమవారమని తెలిసి కూడా లేవబుద్ధి కావట్లేదు."

అతను గోడ మీదున్న ఆమె చేతి పక్కనే తన చెయ్యి పెట్టాడు. మేకులు పట్టీ పట్టీ గరుకెక్కిన వేళ్లు. ఆమే వాటిని అందుకుంది.

స్టాపులో బస్సు బయలుదేరడానికి సిద్ధమైంది. ఎక్కేవాళ్లు ఇంకెవరూ లేరు. కండక్టరు మెట్ల మీద నుంచి వంగి, వస్తారా అని కేకేశాడు.

అతను లేవబోయాడు. ఆమె చెయ్యి వదల్లేదు.

"తర్వాతి దానికి వస్తాం," అని కండక్టరుకి చెప్పింది.