ముప్పై ఎనిమిది డిగ్రీల తేడా

ఉదయం పది గంటలకి బాస్ లేచి వెళ్లి తన గది తలుపు తనే గడియ వేశాడంటే ఆ రోజు ఎవరికో మూడిందన్నమాటే. ముంగిస కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గూఢచార డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు పడి పన్నెండేళ్లయింది. ఇంట్లో మాత్రం అతను ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి.

"నిన్న సాయంత్రం ఒక సిగ్నల్ పట్టాం," అన్నాడు బాస్. "కోడ్ విప్పితే రెండే ముక్కలు. 'ఫర్నేస్ ఆరు వందల యాభై డిగ్రీలు. మిగతాది రేపు చేతికే.'"

"ఏ ఫర్నేస్?"

"మెటీరియల్స్ ల్యాబ్‌ది. పొగమంచు అవతల ఉన్న ఇంజన్ వేడిని కూడా పసిగట్టే డిటెక్టర్ పొర ఒకటి పెంచారు. వెంట్రుకలో వెయ్యో వంతు మందం. ఎంత వేడిలో, ఎంత ఆక్సిజన్‌లో, ఎంతసేపు పెంచాలన్నదే దాని రెసిపీ. వేడి ఎంతో బయటికి పోయింది. మిగతా రెండంకెలు కూడా పోతే తొమ్మిదేళ్ల పని పరాయివాళ్ల పాలు. ఇవాళ ల్యాబ్ చూడ్డానికి ఒక విదేశీ బృందం వచ్చింది. నాలుగింటికి బస్సెక్కుతుంది."

ఆ తొమ్మిదేళ్లూ ఎవరివో ముంగిసకి బాగా తెలుసు. ఆ పొరని పెంచిన మనిషి అతని భార్య.

"మీ ఆవిడ ల్యాబేనని తెలుసు," అన్నాడు బాస్. "నిన్ను పంపకూడదనే అనుకున్నాను. కానీ వాక్యూమ్ పంపు విప్పి బిగించడం వచ్చినవాడివి నువ్వొక్కడివే."

"అనుమానం ఎవరిమీద?"

"అక్కడ కాగితం మీద లెక్కలు కట్టే థియరిస్టు మీద. సిల్క్ చెప్పింది."

సిల్క్ అంటే తెలియనివాళ్లు ఆ శాఖలో లేరు. పరికరాల కంపెనీలో సర్వీస్ ఇంజనీరు; పరాయి గూఢచారుల రింగ్‌కి సమాచారం అమ్ముతున్నట్టు నటిస్తూ అసలు సమాచారం డిపార్ట్‌మెంట్‌కి చేరవేస్తుంది. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంటే ఎదుటివాళ్లు చెప్తున్న మాట మర్చిపోతారు.

"వాడే సార్," అన్నాడు ముంగిస వెంటనే. "నాకెప్పట్నుంచో తెలుసు."

"ఎలా తెలుసు?"

"అనుభవం."

అబద్ధం. ఏడాదిగా ఇంట్లో ఏ మాట మొదలెట్టినా 'మా థియరిస్టు ఏమన్నాడో తెలుసా' దగ్గరికే వచ్చి ఆగేది. ఆ మాట వినబడినప్పుడల్లా ముంగిస నోట్లో ముద్ద చేదెక్కేది. ఆ మనిషిని అతను కనీసం ఫొటోలో కూడా చూడలేదు. అయినా అసహ్యించుకున్నాడు, మనస్ఫూర్తిగా.

పదకొండింటికల్లా అతను పంపు మెకానిక్. తెల్ల సూటు, తలమీద హుడ్, మూతికి మాస్క్, కళ్లకి అద్దాలు. దుమ్ము పడకుండా ముఖమంతా కప్పుకుంటే తప్ప కాలు పెట్టనివ్వని క్లీన్‌రూమ్ గూఢచారికి పుట్టిల్లు లాంటిది. స్పానర్ పిడిలో కెమెరా, జేబులో పెన్నంత స్కానర్. ఇంకేం కావాలి?

గాజు గోడ అవతల ఫర్నేస్ గది. అందులో తన భార్య, పక్కన సన్నగా ఒక మనిషి. మాటలు వినబడటం లేదు. ఆ మనిషి కాగితం చూపించి ఏదో మొర పెట్టుకుంటున్నాడు. ఆమె తన నడుం మీద చెయ్యేసుకుని, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. మాస్క్ ఉన్నా తెలుస్తూనే ఉంది, భుజాలు ఊగిపోతున్నాయి.

తన ముందు ఆమె అలా చివరిసారి ఎప్పుడు నవ్విందా అని ముంగిస ఆలోచించాడు. గుర్తు రాలేదు. కడుపు మండిపోయింది. ఆ మంటంతా చేతిలోని స్పానర్ మీద చూపిస్తే బోల్టు తల పుటుక్కున ఊడి చేతికొచ్చింది.

"గొడుగు దొరికిందా?" అని వెనకనుంచి ఎవరో మెల్లగా అడిగారు.

"వాన వెలిసింది," అన్నాడతను. కోడ్ సరిపోయింది. సిల్క్.

"థియరిస్టు జేబు చూడు. మీ ఆవిడ సొంత చేత్తో రాసిచ్చిన కాగితం. పొద్దున్నుంచీ గుండెలకి హత్తుకునే తిరుగుతున్నాడు," అని ఆమె తన దారిన వెళ్లిపోయింది.

ఇంకేముంది, అగ్గికి ఆజ్యం. మధ్యాహ్నమంతా ముంగిస థియరిస్టుకి జిగురులా అంటుకున్నాడు. బృందంలో ఎవరెటు పోతున్నారో, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడనే లేదు. పావుతక్కువ నాలుగింటికి ఆ మనిషిని బట్టలు మార్చుకునే గదిలోకి నెట్టి, కాలర్ పట్టుకుని జేబులోంచి కాగితం లాగాడు. భార్య రాతే. మూడంకెలు: వేడి, ఆక్సిజన్, నిమిషాలు.

"ఎవరికిస్తున్నావు ఇది?"

"ఎవరికీ ఇవ్వట్లేదండీ," అన్నాడు థియరిస్టు. ఒక కాలికి నల్ల మేజోడు, ఇంకో కాలికి గోధుమరంగుది. "ఆర్నెల్లుగా ఈ అంకెలు నా లెక్కలోనే ఇమడటం లేదు. నా లెక్క ప్రకారం ఆ వేడికి పొర పుట్టనే కూడదు."

తలుపు తెరుచుకుంది. ముంగిస భార్య.

"అక్కా, నువ్వైనా చెప్పు. ఈ మెకానిక్ నన్ను చంపేసేలా ఉన్నాడు."

అక్కా! ఏడాదిగా పెంచి పోషించుకున్న పగ ముంగిస చేతుల్లోనే చచ్చిపోయింది. కాలర్ వదిలేశాడు. అప్పుడు గానీ కాగితంలో మొదటి అంకె అతని కంటికి ఆనలేదు. ఆరు వందల పన్నెండు. సిగ్నల్‌లో ఉన్నది ఆరు వందల యాభై.

"మేడమ్, ఫర్నేస్ వేడి ఎంత?" అని గొంతు మార్చి అడిగాడు.

ఆమె ఒక్క క్షణం అతని వంక చూసింది. "రాసేది ఆరు వందల పన్నెండు. నిజానికి ఆరు వందల యాభై. సెన్సార్ ముప్పై ఎనిమిది తక్కువ చూపిస్తుంది, మొదట్నుంచీ అంతే. ఇప్పుడు సరిచేస్తే తొమ్మిదేళ్ల నోట్‌బుక్కులూ తిరగరాయాలి. అందుకే అది చూపించిందే రాసి, మనసులో కలుపుకుంటాను."

"నాకు చెప్పలేదేంటక్కా?" అన్నాడు థియరిస్టు.

"రీసెర్చ్ పేపర్ మీద మొదటి పేరు నీదే వేసుకున్నావుగా! చేతులు కాల్చుకున్నది నేను, పేరేమో లెక్క కట్టినవాడిది. ఒళ్లు మండింది, చెప్పలేదు. నువ్వు తల గోక్కుంటుంటే చూసి నవ్వుకున్నాను కూడా. తప్పే, ఒప్పుకుంటున్నాను."

"ఈ తేడా ఇంకెవరికి తెలుసు?" అన్నాడు ముంగిస.

"ఫర్నేస్ ముట్టుకునేది నేనొక్కదాన్నే. సెన్సార్ సర్వీసుకి ఒకావిడ వస్తుంటుంది, పోయిన నెల కూడా వచ్చింది. ఆవిడకి తెలుసు."

సిగ్నల్‌లో పోయింది అసలు వేడే. సిల్క్!

మూడూ యాభై మూడు. ముంగిస పరిగెత్తాడు. గేటు ముందు బస్సు ఇంజన్ ఆడుతోంది. బృందం నాయకుడి కాలొకటి మెట్టు మీదుంది. సిల్క్ అతని చేతిలో చిన్న పెట్టె పెడుతోంది. ముంగిస లాక్కుని తెరిచాడు. అద్దంలా మెరిసే గుండ్రటి సిలికాన్ పలక.

"జ్ఞాపికండీ," అని నవ్వింది సిల్క్.

స్కానర్ పెట్టి చూశాడు. ఏమీ లేదు. అటూ ఇటూ తిప్పి చూశాడు. తన మాస్కే కనబడింది.

"నీ తొందర నీదే ముంగిసా," అంది ఆమె. "ఓడరేవు హోటల్లోనూ ఇంతే. పెట్టె ఇచ్చెయ్, పరువు పోతుంది."

గార్డులు మొహమొహాలు చూసుకున్నారు. ముంగిస చెయ్యి నెమ్మదిగా దిగుతుండగా, అప్పటికే ఆయాసపడుతూ వెనక నిలబడి వింటున్న అతని భార్య ముందుకొచ్చి పలక తీసుకుంది. మాస్క్ కిందికి లాగి, నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఆవిరి ఊదింది.

పలక మసకబారింది. ఆ మసకలో వరసగా అంకెలు తేలాయి. ఆక్సిజన్ ఎంతో, నిమిషాలెన్నో.

"కంటికి ఆననంత సన్నగా చెక్కారు," అంది ఆమె. "చెక్కినచోట ఆవిరి వేరేలా పడుతుంది. ల్యాబ్‌లో మేం ఇలాగే చూస్తాం."

నాయకుడు కాలు మెట్టు మీదనుంచి దించాడు. సిల్క్ మాత్రం ముంగిస భార్యనే చూస్తోంది. "తొమ్మిదేళ్లు నీ సెన్సార్లకి సర్వీసు చేశాను. నీ పేపర్ల చివర థాంక్స్ కూడా దక్కలేదు నాకు," అంది. ఆ తర్వాత గార్డులు ఆమెనీ నాయకుణ్ణీ తీసుకెళ్లారు.

బస్సు పక్కన ఇద్దరే మిగిలారు. ముంగిస మాస్క్ తీశాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఇంకో నిమిషం ఆలస్యమైతే భార్య తొమ్మిదేళ్లూ తన కడుపుమంటకి బలైపోయేవి.

"నన్నెప్పుడు గుర్తుపట్టావు?"

"పొద్దున్నే. మెకానిక్ అన్నవాడు పంపు వంక చూస్తాడు. మీరు గాజులోంచి నా వంకే చూస్తున్నారు. ఇన్సూరెన్స్ అంటే ఇదా?"

"అతనితో నువ్వు నవ్వుతుంటే ఓర్చుకోలేకపోయాను," అన్నాడతను. "తప్పంతా నాదే."

ఆమె కోపం కొంచెం కరిగినట్టే అనిపించింది. అతని సూటు మీది నూనె మరక తుడిచి, చెయ్యి పట్టుకుని నడవడం మొదలెట్టింది.

"అది సరే," అంది నాలుగడుగులు వేశాక. "ఓడరేవు హోటల్ ఏంటండీ?"

మూడు దేశాల్లో పట్టుబడి, మూడుచోట్లా ఒక్క ముక్క చెప్పకుండా బయటపడ్డ మనిషి, గేటు దాటేలోపు అంతా చెప్పేశాడు. తన గదీ సిల్క్ గదీ వేరువేరు అంతస్తుల్లో ఉండేవన్న సంగతి మాత్రం మూడుసార్లు చెప్పాడు.