ఖాళీ చేసిన ఇంటి అడ్రసు

ఆళ్లగడ్డలో ఏజెంట్ రంగనాథం తట్టిన తలుపు వెనక మనవాళ్లెవరూ లేరు. డిపార్ట్‌మెంటు ఆ రహస్యపు ఇల్లు ఖాళీ చేసి మూడు రోజులైంది. తలుపు తీసినవాడు పలకరించలేదు, కాల్చాడు.

"అడ్రసు ఇచ్చింది నంద్యాల ఆఫీసులోని మన కంప్యూటరే," అన్నాడు చీఫ్ ఫోన్లో. "నిన్న ఇంకో ఇల్లు ఖాళీ చేశాం. పదకొండింటికి కంప్యూటర్ తిరుపతమ్మకు ఆ అడ్రసే పంపుతుంది. దాన్ని ఆపామా, లోపలి దొంగ దొరకడు. బయల్దేరు."

ఏజెంట్ సంజీవయ్య ఫోన్ పెట్టేసి సంచి అందుకున్నాడు. తిరుపతమ్మకు ఈ పని నేర్పింది అతనే. ఆమె కొలిమిగుండ్ల బస్టాండులో చెనిక్కాయల గంపలో వైర్‌లెస్ దాచుకుని కూర్చుంది. నంద్యాల కంప్యూటర్ మాటే ఆమెకు వేదం.

1988, జనవరి చివరి వారం. దారిలో పారువేటకు ఊళ్లు తిరిగే అహోబిలం ఉత్సవ స్వామి పల్లకీ ఎదురొచ్చి బస్సు అరగంట ఆగింది. ఫ్యాన్ల మెకానిక్ వేషంలో సంజీవయ్య నంద్యాల చేరేసరికి పదిన్నర.

"మా ఫ్యాను బాగానే తిరుగుతాంది గదప్పా," అంటూ ప్యూన్ దాసరయ్య టీ ఇచ్చాడు. సంజీవయ్య తాగలేదు. అలా నమ్మి తాగినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు దండలేసిన ఫొటోల్లో ఉన్నారు.

కంప్యూటర్ ముందు, ప్రోగ్రాములు రాసే కమలవల్లి. షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు, గదంతా సెంటు. రికార్డుల్లో అహోబిలం అర్చకుల ఇంటి పిల్ల.

"ఫ్యానుకు కాదు, ప్రోగ్రాముకు నూనె పెట్టాల," అన్నాడు సంజీవయ్య. అదీ కోడ్‌వర్డ్.

ఆమె కాగితాలు అందించి నవ్వింది. "పులిహోర తినప్పా. నిన్న అహోబిలం పోయినా. గుళ్లో ఉత్సవ స్వామి హారతి కండ్లకద్దుకోని వచ్చినా."

ఔరా! అనుకున్నాడు సంజీవయ్య. పైకి మాత్రం కాగితాలు తిరగేశాడు.

సి భాషలో రాసిన ప్రోగ్రాము. ఒక్కో ఏజెంటుకు ఒక్కో పాయింటర్. అంటే, వివరాలు మెమరీలో ఎక్కడున్నాయో చెప్పే అడ్రసు చీటీ. ఇల్లు మూసేస్తే ఆ మెమరీని ఫ్రీ చేసి, వెంటనే పాయింటర్లో నల్ పెట్టాలి. చీటీ చించేయాలన్నమాట. ఫ్రీ ఉంది, నల్ లేదు. పైగా ఖాళీ అయిన ఆ జాగాలోనే ఎవరో పాత ఇంటి అడ్రసే మళ్లీ కూర్చోబెట్టారు. ఆ ఇంట్లో ఇప్పుడు శత్రువులు దిగారు. పాత చీటీ పట్టుకుని వెళ్తే నేరుగా శత్రువు గడపే.

"చీటీ ఎందుకు చించలేదమ్మా?"

"మర్చిపోయినాలేప్పా. దానికేందీ?"

పది యాభై ఏడు. సంజీవయ్య కీబోర్డు లాక్కున్నాడు. ఫ్రీ కింద నల్ పెట్టాడు. పంపేముందు ఒక పరీక్ష: నల్ అయితే అడ్రసు పంపకు, కదలొద్దని చెప్పు. కంపైల్ కొట్టి కొత్త ప్రోగ్రామును నడిపించాడు.

"చేతులు తీయ్!" ఆమె టిఫిన్ క్యారియర్లోంచి పిస్తోలు తీసింది.

సంజీవయ్య స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. మన ల్యాబు వాళ్లు అందులో కూరింది ఎండుమిరప కారం. కళ్లద్దాల సందుల్లోంచి దూరింది. ఆమె గురి తప్పింది, గుండు పైకి పోయింది. దాసరయ్య పిస్తోలు లాగేసుకున్నాడు. అయ్యో, పాపం ఇతన్నా నేను అనుమానించింది, అనుకున్నాడు సంజీవయ్య.

పదకొండు. తిరుపతమ్మకు వెళ్లిన కబురు తెర మీద పడింది: "ఇల్లు లేదు. కదలొద్దు."

సంజీవయ్య కీబోర్డు వదిలాడు.

"ఎట్ల కనిపెట్టినావ్?" దగ్గుతూ అడిగింది కమలవల్లి.

"ఉత్సవ స్వామి పారువేటకు పోయి పదిదినాలాయ. ఊరూరూ తిరుగుతాండాడు. అర్చకుల ఇంట పుట్టినదానికి ఆ మాత్రం తెలీదా? పాత అడ్రసు నమ్మి నువ్వే దొరికిపోతివి."

దాసరయ్య పైకి చూశాడు. గుండు తగిలి ఫ్యాను ఆగిపోయింది.

"ఇప్పుడు చెడిపోయిందిలేప్పా," అన్నాడు. "బాగుచేసి పో."