పదహారు పేజీల పొరపాటు

నవల్లో కథానాయిక ప్రాణం విడిచింది. లైబ్రేరియన్ గొంతు తగ్గించి "సమాప్తం" అని చదివాడు. క్లబ్బు హాల్లో అరవై ముక్కులు ఒకేసారి చీదాయి.

తీరా చూస్తే పుస్తకంలో ఇంకా పదహారు పేజీలున్నాయి.

అతను పేజీ తిప్పాడు. ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు అందుకున్నాడు: "ఆమె సిగ్గుపడుతూ మెట్లు దిగి, పెళ్ళికొడుకు పక్కన నిలబడింది."

వెనక వరసలో తండ్రి పక్కన కూర్చున్న బైండింగ్ షాపు అమ్మాయి నాలిక కరుచుకుంది.

ఆ నవలకు నూరేళ్ళు నిండాయని క్లబ్బువాళ్ళు సంబరం పెట్టుకున్నారు. అందరూ అందులోని పాత్రల వేషాలతో వచ్చారు. కథానాయికలు పదకొండు మంది. గుర్రానికి ముందుకాళ్ళు పళ్ళ డాక్టరువి, వెనకకాళ్ళు ఆయన బావమరిదివి. క్లబ్బువాళ్ళ శిథిలమైన ప్రతిని విప్పి కొత్తగా కుట్టింది ఈ అమ్మాయే. పదహారు పేజీలు ఒక ఫారం. అడుగున అంకె చూసుకుని వరసగా పేర్చాలి. ఆమె ఆఖరి రెండు ఫారాలూ ముందువెనకలు చేసింది.

క్లబ్బు ప్రెసిడెంటుగారు కళ్ళు ఒత్తుకున్నారు. "చచ్చినదాన్ని లేపి మరీ పెళ్ళి చేశాడు రచయిత! ఎన్నిసార్లు చదివినా ఇక్కడ నాకు ఒళ్ళు జలదరిస్తుంది."

గుర్రం రెండు సగాలూ తల ఊపాయి. వెనక సగానికి తల లేదు కాబట్టి తోక ఊపింది.

ఈ నవల ఇక్కడ ఒక్కరూ చదవలేదని ఆమెకు తెలిసిపోయింది. నోరు మూసుకుంటే గండం గడిచినట్టే.

"అది సరేనయ్యా, నువ్వెందుకు తడబడ్డావ్?" ప్రెసిడెంటుగారు లైబ్రేరియన్ మీద పడ్డారు.

"కళ్ళజోడు మసకబారిందండీ. తప్పు నాదే."

"చదవడం రానివాడికి మైకెందుకు? ఇకమీదట ఇంకొకరు చదువుతారు."

లేస్తే అతని ముందు ఆమె పరువు పోతుంది. లేవకపోతే ఊరందరి ముందు అతని పరువు పోతుంది.

"కూర్చోవే!" తండ్రి కొంగు లాగాడు. అప్పటికే లేచేసింది.

"తప్పు ఆయనది కాదండీ. ఫారాలు నేనే తారుమారు చేశాను. ఆవిడ ముందు పెళ్ళి చేసుకుని, తర్వాత చచ్చిపోవాలి."

"నాకు తెలుసమ్మా," అన్నారు ప్రెసిడెంటుగారు. "వీళ్ళు కనిపెడతారో లేదో చూద్దామని ఊరుకున్నాను."

లైబ్రేరియన్ మాత్రం ఆమెనే చూస్తున్నాడు. "మీ చేతిలో ఎప్పుడూ పొరపాటు జరగదే! ఎలా జరిగింది?"

అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు.

"కుట్టేటప్పుడు ఎదురుగా మీరు కూర్చున్నారు."

పదకొండు మంది కథానాయికలూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. మైకు చేతిలోనే ఉందన్న సంగతి మరిచిపోయాడు.

"విప్పి మళ్ళీ కుట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"ఒక్క పూట."

"నేను రోజూ వచ్చి కూర్చుంటే?"

"ఏడాది."

"ఏడాదిపాటు సెలవు పెడతాను."

తండ్రి నిట్టూర్చి లేచాడు. స్టేజీ దాకా నడిచి, అతని చేతిలోంచి పుస్తకం లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

"ఇది నేను కుట్టుకుంటాను. మీరిద్దరూ షాపు బయట కూర్చోండి బాబూ!"