తడిసిన రాయి

“ఏంది మాస్టారూ, రాళ్లు కొంటానికి వచ్చారా, వాయించటానికి వచ్చారా?”

అంకమ్మరావు చేతిలోని లూనా తాళంచెవి గాల్లోనే ఆగిపోయింది. నరసరావుపేటలో, పల్నాడు రోడ్డు మీదున్న హనుమంతు రాళ్ల డిపోకి అతను వచ్చి గంటయింది. పాఠానికి వచ్చే పిల్లలు కూర్చునే వసారాలోకి నాలుగు నాపరాళ్లు కావాలి. సంగీతం మాస్టారు కదా, ప్రతి రాయినీ తాళంచెవితో కొట్టి చెవి ఒగ్గుతున్నాడు.

అడిగింది హనుమంతు కూతురు కోటేశ్వరి. చెంగు నడుముకి దోపి, చిన్న సుత్తి పట్టుకుని నిలబడింది. కళ్లలో నవ్వుంది కానీ పెదాల మీదికి రానివ్వలేదు.

“ఇది తీసుకుంటా. ఎంత హాయిగా మోగుతోందో!”

“అది ఇయ్యను. లోపల నెర్రె ఉంది.”

“ఇంత బాగా మోగుతుంటే?”

“మొదట్లో అన్నీ బాగానే మోగుతై. చివర వినండి.” సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. “మంచి రాయి మోత నిదానంగా అణిగిద్ది. ఇది టక్కున తెగింది.”

నిజమే. పదేళ్లుగా ఊరికి శ్రుతి నేర్పుతున్న మనిషికి ఆ తెగడం వినిపించలేదు. పనివాడు రాయిని ఇలా ఎత్తాడో లేదో, నడిమికి రెండు ముక్కలైంది. కోటేశ్వరి కనుబొమలు ఎగరేసింది.

అసలు మాస్టారి దిగులు రాళ్లది కాదు. అతని దగ్గర చేరే ఆడపిల్లలు మూడు కీర్తనలు రాగానే పెళ్లిచూపులకి కూర్చుంటారు, పీటలెక్కగానే సంగీతానికి నీళ్లొదులుతారు. అతను మాత్రం పదేళ్లుగా సొంత కృతులు కడుతూనే ఉన్నాడు. “పెద్దలు కట్టినయ్యి ఉండగా కొత్తయ్యి ఎందుకు నాయనా?” అనేవాడు శ్రీరామనవమి పందిరి పెద్ద రాఘవయ్య. ఆరేళ్లు తిరగ్గా తిరగ్గా, ఈ ఎనభై నాలుగులో ఒక్క కృతికి ఒప్పుకున్నాడు. అది తేలిపోతే ఇక జన్మలో ఆ పందిట్లో అతని పాట ఉండదు.

ఆ కృతిలో ఎక్కడో లోపం ఉంది. ఉందని తెలుసు, ఎక్కడో తెలియదు. శిష్యుల్ని అడిగితే “సూపర్ మాస్టారూ!” అంటారు.

నాలుగో రోజు రాళ్లు పరిచారు. సమంగా పడ్డాయో లేదో చూడటానికి కోటేశ్వరి వచ్చింది. లోపల అతను పాడుకుంటున్నాడు. పాట ఆపి బయటికి వచ్చాడు.

“ఎట్లా ఉంది?”

“నాకు సంగీతం రాదు మాస్టారూ.”

“రాయిని విన్నట్టు విను.”

ఆమె కొత్త రాయి మీద కూర్చుని కళ్లు మూసుకుంది. అతను పాడాడు. మళ్లీ పాడమంది. మూడోసారీ పాడించుకుని కళ్లు తెరిచింది.

“చానా బాగుంది. ఆ పైకి ఎక్కే చోటే గుల్లగా ఉంది. అంతదాకా రాముణ్ణి బతిమాలుతున్నారు. అక్కడ మాత్రం ‘నా గొంతు చూడండి’ అని మమ్మల్ని పిలుస్తున్నారు.”

పుండు మీద కారం చల్లినట్టయింది.

“రాళ్లు కొట్టుకునేదానివి, రాగం గురించి నీకేం తెలుసు!”

అన్న క్షణంలోనే నాలుక కరుచుకున్నాడు. కోటేశ్వరి సుత్తి తీసుకుని లేచింది.

“అడిగింది మీరే” అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

రెండు రోజులు అతను శ్రుతిపెట్టె ముట్టలేదు. మూడో రోజు పొద్దున్నే కూర్చుని, ఎంతో మోజుపడి కట్టుకున్న ఆ పైస్థాయి సంగతి తీసేశాడు. పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు, కింది స్వరాల్లోనే పాడాడు. కళ్లు చెమర్చాయి. ఆ తడిలో సగం రాముడి కోసమే. మిగతా సగం ఎవరి కోసమో అతనికి బాగా తెలుసు.

లూనా తీసి డిపోకి పరుగెత్తించాడు. దారిలోనే మామిడి పిందెలు రాల్చే అకాలవాన పట్టుకుంది. డిపోలో కోటేశ్వరి సిమెంటు సంచి నెత్తిన కప్పుకుని సామాను సర్దుతోంది.

“తప్పు మాట అన్నాను. నువ్వు చెప్పిందే నిజం. ఇంకో మాట. నువ్వంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకుందామా?”

ఒక్క ఊపిరిలో అన్నాడు. ఆమె చేతిలోని గునపం జారింది. సంచి కిందికి లాక్కుని ముఖం దాచుకుంది.

“వానలో మేం రాళ్లు చూడం మాస్టారూ.”

“అంటే?”

“తడిసిన రాయి నిజం చెప్పదు. ఆరినాక రండి.”

“పండగ దాకా ముసురేనని రేడియోలో చెప్పారే!”

“అయితే పండగ అయినాకే రండి.”

నవమి పందిట్లో అతను గొంతు విప్పేసరికి ఆడవాళ్ల వైపు మూడో వరుసలో సంపెంగ రంగు చీర కనిపించింది. ఇక అటు చూడలేదు, చూస్తే శ్రుతి తప్పుతుందని భయం. ఆ చోటు రాగానే పైకి ఎక్కకుండా, మెల్లగా బతిమాలాడు. పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అతను శ్రుతిపెట్టె మూయబోయాడు.

రాఘవయ్య కండువాతో కళ్లు తుడుచుకుంటూ, “ఏ కాలం నాటిది నాయనా ఇది?” అన్నాడు.

“నాదేనండీ. మొన్నటిదే.”

“మళ్లీ పాడు.”

మర్నాడు ఎండ పేలిపోతోంది. అంకమ్మరావు డిపోలో నిలబడ్డాడు. పక్కనే హనుమంతు బీడీ కాలుస్తున్నాడు. అతనున్నాడని వెనక్కి తగ్గకుండా, చెప్పటానికి వచ్చిన మాట చెప్పేశాడు.

“నాకు నీ తోడు కావాలి, కోటేశ్వరీ.”

కోటేశ్వరి కళ్లు మూసుకుంది. “మళ్లీ చెప్పండి.”

చెప్పాడు. మూడోసారి అడిగితే మూడోసారీ చెప్పాడు. ఆఖరి మాట పూర్తిగా అణిగిపోయేదాకా ఆమె కదల్లేదు.

“నెర్రె లేదు నాన్నా.”

హనుమంతు బీడీ పారేసి అంకమ్మరావుని ఎగాదిగా చూశాడు. పక్కనున్న నాపరాయి మీద దుమ్ము కండువాతో దులిపాడు.

“కూర్చో అల్లుడూ. మా పిల్ల కొట్టి చూసిందాన్ని నేను మళ్లీ కొట్టి చూడను.”