ఏడో ఏటి ముద్ర

స్టీరింగు దానంతట అదే ఎడమకు తిరిగింది. పెంచలయ్య చెయ్యీ దాంతోపాటే తిరిగింది. తిరగక ఏం చేస్తుంది? చక్రం మీద చెయ్యి తీస్తే పది లెక్కపెట్టేలోగా లారీ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందని కృష్ణపట్నం రేవు నుంచి తాడిపత్రి దాకా ప్రతి తనిఖీ కేంద్రమూ అడుగుతుంది. నడిపేది యంత్రమే. కానీ లారీకో మనిషి ఉండాలి, అతని చెయ్యి చక్రం మీద, చూపు రోడ్డు మీద ఉండాలి అని చట్టం. చూపు పక్కకు పోతే అద్దం పైనున్న కనుకాపలా గంట కొడుతుంది. పదిహేడేళ్లుగా ఆ గంట వింటున్నాడు పెంచలయ్య.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటితో మాట్లాడుకోవడానికి ఐదు నిమిషాలు ఇస్తారు.

"నాయనా, యాడుండావు?" అంది చెంగాళి. పిల్లకు ఇంకా ఏడు నిండలేదు.

"బద్వేలు కనమలో ఉండా అమ్మే."

"జింకలు వచ్చినాయా?"

"రెండు వచ్చినాయి. ఒకటి నిలబడి నన్నే చూసింది."

ఆ కనుమలో రోడ్డుకు రెండు వైపులా సిమెంటు గోడలు. జింక మాట దేవుడెరుగు, దాని తోక కూడా అతను ఏనాడూ చూడలేదు. కానీ నెలకు మూడు రోజులు ఇంట్లో ఉండే తండ్రి ఫోనులో బిడ్డకు ఏం చెప్పాలి? నడుం నొప్పి గురించి చెప్తాడా? బెంగపడుతుందని రోడ్డును ముద్దుగా వర్ణించాడు. లారీల్లో కూర్చునే తండ్రులంతా అదే చేస్తారు. అబద్ధమని ఎవరూ అనుకోరు.

ఫోను కామాక్షి చేతికి వచ్చింది. "ఏమయ్యా, కాగితం వచ్చింది. వచ్చే నెల రెండో తేదీన పాపకు దర్శనం."

పెంచలయ్య కళ్లు మూసుకున్నాడు. గంట కొట్టింది.

దర్శనమంటే గుడిలోది కాదు. ఏడు నిండిన ప్రతి పిల్లనూ, పిల్లవాణ్నీ ఇష్టదర్శిని ముందు కూర్చోబెడతారు. మనసు అడుగున ఉన్న ఇష్టమేదో అది చదువుతుంది. ఆ ఇష్టానికి సరిపడే వృత్తి ముద్ర ఎడమ మణికట్టు మీద పడుతుంది. ఆ ముద్రకు ఏ తలుపులు తెరుచుకుంటాయో జీవితాంతం అవే. మిగతా ఏ పనిచోటి తలుపూ తెరుచుకోదు. ఆ చట్టం చేసినవాళ్లు చెడ్డవాళ్లయితే బాగుండేది, తిట్టుకోనైనా తిట్టుకోవచ్చు. వాళ్లు మంచివాళ్లే. ర్యాంకుల కోసం పిల్లల్ని హాస్టళ్లలో కుక్కి, డాక్టరో ఇంజినీరో అయి తీరాలని పీక్కుతిన్న కాలాన్ని చూసి, పిల్లల్ని పెద్దవాళ్ల ఆశల నుంచి కాపాడదామనుకున్నారు. పెద్దవాళ్ల ఆశల నుంచైతే కాపాడారు.

పెంచలయ్యకు ఆ ముద్ర గూడూరులో పడింది. ఇంటెదురుగా లారీలు తూచే కాటా ఉండేది. రంగుల కుచ్చులు కట్టుకుని వచ్చే పాత లారీలు, గుండె అదిరేలా కొట్టే హారన్లు, కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి గాలికి జుట్టు ఎగరేసుకుంటూ పోయే డ్రైవర్లు. ఏడేళ్ల వాడికి ఇంతకంటే ఏం కావాలి? ఇష్టదర్శిని అదే చదివింది, తప్పు చదవలేదు. కానీ ఇరవై రెండేళ్లకు అతను క్యాబిన్ ఎక్కేసరికి హారన్లు పోయాయి, కుచ్చులు పోయాయి, కిటికీలు మూతబడ్డాయి. గాలి కావాలన్నవాణ్ణి తెచ్చి గాలాడని పెట్టెలో పెట్టారు. చిన్నప్పుడు అడిగిన పిప్పరమెంటును అరవై ఏళ్లు వచ్చేదాకా చప్పరిస్తూనే ఉండమన్నట్టుంది యవ్వారం.

ఇంటికి వెళ్లిన రోజున కామాక్షి గోడ చూపించింది. పిల్ల గీసిన బొమ్మలు వరసగా అంటించి ఉన్నాయి. అన్నీ లారీలే. లారీల పక్కన జింకలు, నెమళ్లు, ఒక దాంట్లో ఏనుగు కూడా.

"చూసినావా నీ నిర్వాకం," అంది కామాక్షి.

"ఏనుగు నేను చెప్పలేదే," అన్నాడు పెంచలయ్య నీరసంగా.

"అది సొంతంగా కలిపింది. నీ బిడ్డే గదా."

నవ్వుదామనుకుంది గానీ ఆమెకు ఏడుపు వచ్చింది. నిజం చెప్పేద్దామంటే వీల్లేదు. కాగితం వచ్చాక వృత్తి గురించి పిల్లకు మంచిగానీ చెడుగానీ చెప్పకూడదు. చెప్తే ఇష్టదర్శిని దాన్ని అరువుకోరిక అని పసిగడుతుంది. ఆ కోరిక మాసిపోయేదాకా పిల్లను ఏడాదిపాటు తల్లిదండ్రుల కంట పడనీయకుండా వేరే ఊళ్లో ఉంచుతారు. పక్కవీధి దర్జీ కొడుకు అలా వెళ్లి, తిరిగొచ్చాక తల్లిని 'అండీ' అని పిలుస్తున్నాడు.

"నోటితో చెప్పకూడదు, అంతే గదా," అన్నాడు పెంచలయ్య. "చూపిస్తే?"

సర్వీసు మొత్తానికి ఒక్కసారి, ముద్ర పడని పిల్లను ఒక్కరోజు లారీలో ఎక్కించుకునే వీలుంది. దాని పేరు కుటుంబయాత్ర. ఏ డ్రైవరూ వాడుకోడు, బిడ్డను ఆ పెట్టెలో కూర్చోబెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? పెంచలయ్యకు కావలసింది ఆ పెట్టె పిల్లకు నచ్చకపోవడమే. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ పెట్టెలో ఉంటే చాలు, జన్మలో లారీ పేరెత్తదు.

తెల్లారేసరికి తండ్రీకూతుళ్లు రేవు దాటారు. సీటు పక్కన మడత బల్ల ఒకటి దించి చెంగాళిని కూర్చోబెట్టాడు. నెల్లూరు దాటగానే గోడలు మొదలయ్యాయి.

"జింకలు ఏవి నాయనా?"

"కనబడవు అమ్మే. గోడలుండాయి గదా." గుండె రాయి చేసుకుని చెప్పాడు. చూసినదాని గురించి చెప్పడం నేరం కాదు.

పిల్ల మెడ చాచి గోడ పైకి చూసింది. "అయితే గోడకు అవతల ఉంటాయి. నువ్వు ఈ పక్క లెక్కపెట్టు, నేను ఆ పక్క లెక్కపెడతా," అంది. బద్వేలు చేరేసరికి ఆమెకు నూట పన్నెండు జింకలు వచ్చాయి. అతనికి నలభై. ఓడిపోయినందుకు పాట పాడమంది. పాడాడు. పాడుతూ ఆమె వైపు చూస్తే గంట కొట్టింది. పిల్ల పడీపడీ నవ్వింది. ఆ తర్వాత పదేపదే, "నాయనా, ఇటు చూడు," అని పిలవడం, గంట కొట్టించడం అదో ఆటయిపోయింది.

మధ్యాహ్నం తిండికి గొట్టంలో జావ. కావాలనే ఇంటి అన్నం తీసుకురాలేదు. రుచీ పచీ లేని జావ తాగి మొహం చిట్లిస్తుందని చూశాడు. చెంగాళి మొహం చిట్లించింది, నిజమే. "రోజూ ఇదే తాగుతావా?" అని అడిగింది. అవునంటే, తన గొట్టంలో సగం మిగిల్చి, "ఆకలేస్తది, ఇంద," అని అతని నోటికి అందించింది. చెయ్యి తియ్యకూడదు గదా, అందుకని తనే పట్టుకుని తాగించింది. పెంచలయ్యకు జావ దిగలేదు.

మైదుకూరు దాటాక ఎండకు క్యాబిన్ ఉడికిపోతోంది. పిల్ల బల్ల మీది నుంచి జరిగి, చక్రం మీదున్న అతని చేతి మీద తన చెయ్యి వేసింది. స్టీరింగు తిరిగినప్పుడల్లా రెండు చేతులూ కలిసి తిరిగాయి.

"బాగుందా అమ్మే?" అని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

"ఇంత బాగా నాకెప్పుడూ లేదు నాయనా," అంది చెంగాళి.

ఆ మాట వింటే ఏ తండ్రికైనా ప్రాణం లేచివస్తుంది. పెంచలయ్యకు ప్రాణం పోయింది. విడిపించడానికి తెచ్చి, తన చేతులతోనే తాళం వేస్తున్నానని అతనికి అప్పుడు తెలిసింది. లారీ ఆపి దిగిపోదామన్నా దారి లేదు. తాడిపత్రి ఇంకా మూడు గంటలు. ఆ మూడు గంటలూ పిల్ల సంతోషంగానే ఉంది.

రెండో తేదీ పొద్దున నెల్లూరు దర్శనకేంద్రంలో అమ్మానాన్నలను బయట ఉంచి చెంగాళిని లోపలికి తీసుకెళ్లారు. అరగంటకు అధికారి ఒకావిడ నవ్వుతూ బయటికి వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి.

"అభినందనలండీ. లారీ చోదన. స్వచ్ఛత నూటికి తొంభై ఎనిమిది. అరువుకోరిక అస్సలు లేదు. ఇంత స్పష్టమైన ఇష్టం ఈ ఏడాది నేను చూడలేదు," అంటూ తెర చూపించింది.

తెర మీద పిల్ల మనసులోని క్యాబిన్ ఉంది. అద్దం, చక్రం, జావ గొట్టం, బయట సిమెంటు గోడ. డ్రైవరు సీటులో మాత్రం ఏమీ లేదు. తెల్లగా, మనిషంత ఖాళీ.

"ఆ తెల్లగా ఉండేదేంది మేడమ్?" అన్నాడు పెంచలయ్య.

"అదా, మనిషి ఉన్న చోటండీ. మనుషుల్ని ఇష్టదర్శిని తీసేస్తుంది. మనిషి మీద ఇష్టం వృత్తి కాదు కదా. వదిలేస్తే ప్రతి పిల్లకూ అమ్మ, నాన్న అనే వస్తుంది."

"అది నేను మేడమ్," అన్నాడతను. "దానికి లారీ ఇష్టం కాదు. నేనిష్టం. దాని బతుకులో నాతో పొద్దస్తమానం కూర్చుంది లారీ ఎక్కిన ఆ ఒక్కరోజే. ఇంకోసారి చూడండి, మీకు పుణ్యముంటుంది."

ఆవిడ తెరను మళ్లీ చూసింది. ఈసారి నవ్వలేదు. "మీరు చెప్పేది అబద్ధమని నేననను," అంది నెమ్మదిగా. "కానీ అది రాయడానికి ఇందులో గడి లేదండీ."

కామాక్షి తెర దగ్గరకు వెళ్లి ఆ తెల్లటి చోటు మీద వేలు పెట్టింది.

చెంగాళి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎడమ మణికట్టు మీద చిన్న నీలం చక్రం. తండ్రి చెయ్యి లాక్కుని, రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. "నాయనా, ఇంక మనిద్దరం రోజూ ఒకే లారీలో పోవచ్చు గదా?"

అవును అని నోటిదాకా వచ్చింది. అదే అతనికి అలవాటు. కానీ ఈసారి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"లేదమ్మా. లారీకి ఒక్కరే. నీ లారీ నీది, నా లారీ నాది."

చెంగాళి అతని మొహంలోకి చూసింది, ఎగతాళి చేస్తున్నాడేమోనని. చేయడం లేదని తెలిశాక గౌను అంచు ఉమ్మితో తడి చేసుకుని మణికట్టు తుడిచింది. గట్టిగా తుడిచింది. తర్వాత అధికారి దగ్గరకు వెళ్లి, బడిలో నేర్పినట్టు మర్యాదగా చెయ్యి చాచింది.

"అయితే నాకు వద్దు మేడమ్. ఇది తీసేయండి," అంది.

ఆవిడ ఆ చేతిని పట్టుకుంది. వెనక వరసలో ఇంకా పద్నాలుగు మంది పిల్లలున్నారు.