విరగని బండి

గుడారం విప్పి బండ్లకెత్తేసరికి మధ్యాహ్నమైంది. వెళ్లేముందు హద్నె మెరకెక్కి, అమ్మ శవపేటిక తలాపున వేలాడే గంటను ఒకసారి మోగించి, వెళ్లొస్తామని చెప్పింది. వేసవి మొదట్లో ఆ శవపేటికను నేలమీద తిన్నగానే పెట్టారు. ఇప్పుడు ఒక మూల జానెడు కుంగింది.

పోయినవాళ్ల స్లెడ్జిని, అంటే చక్రాల్లేకుండా అడుగుబద్దల మీద జారే బండిని విరగ్గొట్టి, టీ కప్పు అడుగున చిల్లు పొడిచి పేటిక పక్కన పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఇక్కడ పాడైతేనే అక్కడ వాళ్లకు పనికొస్తాయి. అమ్మ కప్పుకు హద్నె చిల్లు పొడిచింది. బండి మీద మాత్రం తమ్ముడు ఇల్కో చెయ్యి వెయ్యనివ్వలేదు. చమురు బావులొచ్చాక, తాతలనాటి నుంచీ రాయిలా గడ్డకట్టి ఉన్న నేల వేడి గొట్టాల పక్కన అంబలైపోయింది. ఈ ఒక్క వేసవిలో రెండు బండ్లను మింగింది.

"ఉన్నది కూడా విరగ్గొట్టి, సామానంతా నీ నెత్తిన పెట్టనా?" అన్నాడు ఇల్కో. 'నూనె మీది, బురద మాదా' అని గొట్టాల మీద ఎర్రరంగుతో రాసొచ్చినవాడు. హద్నె గొడ్డలి పక్కన పెట్టి తాళ్లు తీసింది.

ముందు హద్నె బండి, వెనక ఇల్కోది, చివర సామాను మాత్రమే ఉన్న అమ్మది. ఒకదానికొకటి తాళ్లతో కట్టి, రెయిన్‌డీర్ దుప్పులను అదిలించారు. గొట్టాలు దాటి గట్టినేల చేరితే చాలు.

గొట్టాల దగ్గర పొగమంచు కమ్మేసింది. కిరసనాయిలు కంపు. కుళ్లిన నాచు వాసన. దుప్పులు రొప్పుతూ ఆగిపోయాయి. వెనక ఏదో బరువు...

"తిని కొవ్వెక్కాయక్కా నీ దుప్పులు," అన్నాడు ఇల్కో వెనకనుంచి.

అప్పుడు గంట మోగింది.

"ఒరే... మన దుప్పులకు గంటల్లేవు," అంది హద్నె గొంతు తగ్గించి.

"గాలికేమో."

గాలి లేదు. మళ్లీ మోగింది... కాళ్ల కింద. బురద లోపల.

"బండి అడుగుతోందిరా. విరగ్గొట్టి వదిలెయ్."

ఈసారి ఇల్కో గొడ్డలి తీసుకుని, తాడు తడుముకుంటూ బండ్ల చివరికి వెళ్లాడు. వాడి అడుగుల చప్పుడు ఆగింది. ఒక దెబ్బ. రెండు. చెక్క ఫెళ్లుమంది.

గంట ఆగింది.

"అయిపోయిందక్కా. చివరిదాని అడుగుబద్ద నరికేశా. పద."

దుప్పులు తేలిగ్గా కదిలాయి. గట్టినేల చేరేసరికి మంచు విడిపోయి ఎండ పడింది. హద్నె ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగింది.

ఇల్కో అమ్మ బండి మీద కూర్చుని ఉన్నాడు. దాని బద్దలు రెండూ చెక్కుచెదరలేదు. ఇల్కో బండి ఎక్కడా లేదు.

చివర కట్టింది అమ్మ బండినే. ముడి వేసింది తన చేతులే.

"ఏంటక్కా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తావు? టీ పెట్టు."

హద్నె నిప్పు రాజేసి టీ కాచింది. వాడి కప్పు నింపింది. పొద్దున ఇదే కప్పులో తాగాడు వాడు.

ఇల్కో ఊదుకుంటూ ఏదో చెబుతున్నాడు. వాడి మోకాలి మీద టీ చుక్క పడింది. ఇంకోటి...

కప్పు అడుగునుంచి.