ఈల మానేసిన విమానం

కంకిపాడు దాటి కాలువ గట్టు వెంట పోతే ఒక రేకుల షెడ్డు వచ్చేది. దీపాలు పెట్టే వేళ దాటితే దాని ముందు నుంచి మీసాలున్న మగాళ్లు కూడా ఒంటరిగా నడిచేవారు కాదు. యుద్ధం రోజుల్లో మిలిటరీ వాళ్లు వేసి, వదిలేసి పోయిన షెడ్డు అది. లోపల ఓ బుల్లి విమానం. గాలి తిరిగిందంటే చాలు, అందులోంచి ఈల వినిపించేది... ఒకనాడు సన్నగా, ఒకనాడు ఏడుపులా.

ఎవరో దొర అందులో కూర్చునే చచ్చిపోయాడట. మొహం సున్నం కొట్టినట్టు ఉంటుందట. చూసినవాళ్లెవరూ లేరు గానీ, చూసినవాళ్లని చూసినవాళ్లు మాత్రం ఊరినిండా ఉండేవారు.

విమానం వెంకటకృష్ణారావు గారిది. వందల ఎకరాల ఆసామి. యుద్ధం అయ్యాక వేలంలో కొనుక్కుని, నడపడం కూడా తనే నేర్చుకున్నాడు. దాని వయసు అప్పటికే పదిహేనేళ్లు. కిటికీ అద్దాల చుట్టూ ఉండే రబ్బరు ఎండి, బీటలు తీసి, గోరు పెడితే అప్పడంలా విరిగేది. కిందటి వానల్లో అందులో మద్రాసు వెళ్లినప్పుడు పట్టు కండువా తడిసి ముద్దయి, పెద్ద పెద్ద ఆఫీసర్ల ముందు నీళ్లు కారుకుంటూ నిలబడాల్సి వచ్చింది ఆయనకి. ఆ పరాభవం ఆయన మరిచిపోలేదు.

బెజవాడ గవర్నర్‌పేటలో సైకిలు షాపు నడుపుకునే అబ్రహాముకి కబురు పెట్టాడు. యుద్ధంలో మిలిటరీ ఫిట్టర్ల దగ్గర పనిచేసినవాడు అబ్రహాము. రబ్బరు అతని మాట వింటుందని పేరు.

"అన్ని కిటికీలకీ కొత్త రబ్బరు వెయ్యరా. రేపు పొద్దున్నే నీళ్లు కొట్టించి చూస్తా. చుక్క లోపలికి రాకపోతే నువ్వు ఇక నా దగ్గరే... ఇల్లిస్తా, నెలజీతమిస్తా. ఒక్క చుక్క వచ్చిందా, నీ సైకిళ్ల దగ్గరికి నువ్వు పో."

అబ్రహాముకి కావలసింది సరిగ్గా అదే. భార్య అమలమ్మ ఆర్నెల్ల కిందట పెట్టె సర్దుకుని కంకిపాడులో పుట్టింటికి వచ్చేసింది. "రోడ్డు మీద మేకులు గుచ్చుకుంటేనే మనకి కూడు. దేవుడా మేకులు పంపించు అని ప్రార్థన చేసుకుంటూ బతకడం నా వల్ల కాదు. స్థిరమైన కొలువు దొరికిన నాడు రా, వస్తా" అంది. ఆ మాట అతనికి ఇప్పటికీ లోపల గుచ్చుకుంటూనే ఉంది.

పొద్దుటి నుంచీ వంచిన నడుం ఎత్తలేదు. పాత రబ్బరు చాకుతో గీకాడు. పెట్రోలు గుడ్డతో అంచులన్నీ తుడిచాడు. లారీ ట్యూబు పట్టీలుగా కోసి, సొల్యూషన్ పూసి, మూలల దగ్గర లాగకుండా, అతుకు పైకి వచ్చేలా ఒక్కో అద్దానికీ బిగించాడు. రబ్బరు అంటుకుపోకుండా తెల్లపొడి చల్లుకుంటూ పోయాడు. సాయంత్రానికి ఆ పొడి రబ్బరు మీద కన్నా అతని మీదే ఎక్కువ ఉంది.

కాపలా హనుమయ్య గుమ్మం దగ్గరే నిలబడి గొంతు తగ్గించి అన్నాడు. "పొద్దు గూకింది రా... వచ్చెయ్. దొర లేచే వేళ."

"దొరా లేడు, గిరా లేడు బాబాయ్. సందుల్లోంచి గాలి దూరి ఈల వేస్తోంది. అంతే. నా రబ్బరు పడ్డాక ఈల వినిపిస్తే చెవి కోసుకుంటా. దెయ్యాలకే నేనంటే భయం."

హనుమయ్య లాంతరు ఒకటి ఇచ్చి, దూరంగా తన పాకలోకి పోయి ముసుగు తన్నాడు.

మిగిలింది ఒక్క అద్దం. తలుపుకున్న అద్దం. దాన్ని లోపలి నుంచి నొక్కుతున్నాడు అబ్రహాము... గాలి విసురుగా వచ్చింది. తలుపు దభాలున మూసుకుంది.

నెట్టాడు. రాలేదు.

గడియ కోసం తడిమాడు. లోపలి వైపు గడియ ఉండాల్సిన చోట బెజ్జం తప్ప ఏమీ లేదు. రబ్బరుకి అడ్డమని పొద్దున తనే ఊడదీసి బయట పెట్టాడు.

అద్దం పగలగొడితే బయటపడొచ్చు. కానీ ఆ అద్దంతో పాటు కొలువూ పగులుతుంది, అమలమ్మ రాకా పగులుతుంది. చెయ్యి ఎత్తి, దించేశాడు.

"బాబాయ్!" అని అరిచాడు. ఆ కేక కొత్త రబ్బరు దాకా పోయి, అక్కడే ఆగిపోయింది. పనితనం మరీ ఎక్కువైతే ఇదే గొడవ.

నిశ్శబ్దం... చెవుల్లో దూది పెట్టినంత నిశ్శబ్దం.

అప్పుడు వినిపించింది. పక్కనే — ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

అబ్రహాము ఊపిరి బిగబట్టాడు. ఆ ఊపిరీ ఆగింది. వదిలాడు. అదీ వదిలింది.

ప్రార్థన చేద్దామంటే భోజనానికి ముందు చేసేది తప్ప ఇంకొకటి నోటికి రాలేదు. అదే చేశాడు. "మా ముందున్న ఈ ఆహారాన్ని..." అంటూ మెల్లగా తల తిప్పాడు.

అద్దంలో ఒక మొహం. తెల్లగా. సున్నం కొట్టినట్టు. తెల్ల మీసాలు, తెల్ల జుట్టు, రెండే రెండు నల్లటి కళ్లు... అతను నోరు తెరిచాడు. అదీ తెరిచింది.

అబ్రహాము వెనక సీట్లో కూలబడిపోయాడు. ఆ పైన కాసేపు ఏం జరిగిందో అతను ఎవరికీ చెప్పదలచుకోలేదు. అది తెల్లపొడి మెత్తుకున్న తన మొహమేనని తెలియడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

అవతల పాకలో హనుమయ్యకి మెలకువ వచ్చింది. గాలి హోరుమంటోంది. కానీ ఈల లేదు.

ఇన్నాళ్లూ ఈల వింటే భయపడ్డ మనిషి, ఇప్పుడు ఈల వినిపించక వణికిపోయాడు. ఈల ఉంటే దొర విమానంలో ఉన్నట్టు. ఈల లేదంటే... దొర దిగినట్టేగా?

అబ్రహాము పని ముగించుకుని ఎప్పుడో పోయి ఉంటాడనుకుని, లాంతరు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. కిటికీ దగ్గర ఎత్తి చూశాడు. తెల్లటి మొహం అద్దానికి అతుక్కుని, నోరు తెరిచి — "ఊఁ... ఊఁ..."

లాంతరు ఒకవైపు, హనుమయ్య ఒకవైపు.

తెల్లారుజాముకి సగం ఊరు షెడ్డు ముందుంది. వేపమండలు, డప్పులు, అన్నిటికీ ముందు దెయ్యాలు దించే చౌడేశ్వరమ్మ. కాలువ నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి వరసగా పెట్టి, పసుపు కలిపారు.

"ఎవరు నువ్వు? ఏం కావాలి?" అంది చౌడేశ్వరమ్మ.

"తలుపు తియ్యండి బాబోయ్!" అన్నాడు అబ్రహాము. బయటికి వచ్చింది మాత్రం "ఊఁ... ఊఁ..."

"కోడి కావాలంటోంది."

అబ్రహాము వద్దు వద్దని తల అడ్డంగా ఊపాడు.

"ఒకటి చాలదంటోంది" అందావిడ. "పొయ్యండర్రా నీళ్లు!"

మొదటి బిందె అద్దం మీద పడింది. అబ్రహాము కళ్లు అలవాటుకొద్దీ పై అతుకు మీదికి పోయాయి. చుక్క లేదు. మూలలు చూశాడు. చుక్క లేదు. రెండో బిందె... అయిదో బిందె... పదో బిందె. వేలుతో రబ్బరు అంచంతా తడిమాడు. పొడి! ఎండాకాలపు చేనంత పొడి!

దెయ్యం మరిచిపోయాడు. తలుపు మరిచిపోయాడు. "ఇంకా పొయ్యండి! ఆ మూల పొయ్యండి!" అని వేలు పెట్టి చూపిస్తూ, ఉన్న జానెడు చోటులోనే గంతులు వేశాడు.

"చిందులేస్తోందిరోయ్!" అని జనం గట్టు దాకా పరిగెత్తి, మళ్లీ వచ్చి పోశారు.

నలభయ్యో బిందె అవుతుండగా వెంకటకృష్ణారావు గారు వచ్చాడు. "నా విమానానికి ఈ అభిషేకం ఏమిట్రా?" అంటూ పోయి గడియ తిప్పాడు. తలుపుతో పాటు అబ్రహామూ బయటపడ్డాడు. రెక్క మీద నిలిచిన నీళ్లన్నీ జారి అతని నెత్తిన పడ్డాయి. తెలుపంతా కరిగి, కింద మనిషి కనిపించాడు.

"అయ్యో, మా ఆయన!" అని జనంలోంచి అమలమ్మ గొంతు.

ఆసామి అదేం పట్టించుకోలేదు. లోపలికి వంగి అద్దాల అంచులు తడిమాడు. ముందు సీటు తడిమాడు. "నలభై బిందెలు పోస్తే చుక్క రాలేదు! శభాష్ రా! ఈ క్షణం నుంచి నువ్వు నా..."

మాట ఆగింది. చెయ్యి వెనక సీటు మీద ఉంది. తెల్ల గుడ్డ మీద తడి. పచ్చటి తడి.

"పసుపు నీళ్లు" అన్నాడు చల్లగా. "వచ్చాయిగా లోపలికి."

అబ్రహాము హనుమయ్యని చూశాడు. ఊరినంతా చూశాడు. అమలమ్మని చూశాడు. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, భార్య దక్కదు. నోరు విప్పితే...

ఆసామి తడి వేలు మెల్లగా ముక్కు దాకా తెచ్చాడు.

"అయ్యగారూ, వద్దు! వాసన చూడకండి!" అని అరిచాడు అబ్రహాము. తరువాత గొంతు బాగా తగ్గించాడు. "అవి... బయటి నుంచి వచ్చినవి కావండీ."

ముందు హనుమయ్య నవ్వాడు. తరువాత ఊరు నవ్వింది. వెంకటకృష్ణారావు గారు ఆ చేతిని ఒంటికి తగలకుండా చాచి పట్టుకుని కాలువకి పరిగెత్తాడు. అక్కడి నుంచే కేక వేశాడు. "కొలువు నీదేరా! ఆ గుడ్డ మాత్రం నువ్వే ఉతుక్కో!"

అబ్రహాము తల వంచుకుని సీటు గుడ్డ ఊడదీస్తుంటే అమలమ్మ పక్కకి వచ్చింది. నవ్వీ నవ్వీ కళ్లనిండా నీళ్లు.

"ఇంత భయం పెట్టుకుని, ఆర్నెల్లు ఒక్కడివే ఎలా పడుకున్నావయ్యా?"

"దీపం పెట్టుకుని" అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ గుడ్డ అతని చేతిలోంచి లాక్కుని, ఉతకడానికి కాలువ వైపు నడిచింది.